బిట్ల సంఖ్యతో ఆల్జీబ్రా రాదు

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు ఆల్జీబ్రా సాధన అంటే చేతికందినన్ని బిట్లు చేయడమే అన్న అభిప్రాయం ఇంటర్ ఎంపీసీ చదువు ఉన్న ప్రతి ఊళ్లోనూ పాతుకుపోయింది. 2022లో చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన పుత్తూరు ఇందుకు మినహాయింపు కాదు. చుట్టుపక్కల నారాయణవనం, వడమాలపేట, కార్వేటినగరం వైపు పిల్లలు ఇక్కడికి చదువుకు వస్తారు. కాస్త స్తోమత ఉన్నవాళ్లు తిరుపతి హాస్టళ్లకు పోతారు. ఎక్కడ చదివినా వినబడే మాట ఒకటే: రోజుకు నూరు బిట్లు, వారానికో టెస్టు, చాప్టరుకో షార్ట్‌కట్ల కాగితం. పిల్లవాడు ఎంతవరకు చదివాడని అడిగితే ఎన్ని బిట్లు అయ్యాయో చెబుతారు. ఏ లెక్క ఎందుకు అలా చేయాలో తెలిసిందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఈ అభిప్రాయానికి నాలుగు ఆధారాలు చూపుతారు. పరీక్షలో సమయం తక్కువ కాబట్టి వేగమే ముఖ్యమన్నది మొదటిది. ఆప్షన్లు ఎదురుగా ఉన్నప్పుడు పూర్తి పద్ధతి దండగ, షార్ట్‌కట్ చాలన్నది రెండోది. ఒక్కో చాప్టరులో వందల లెక్కలు వరసగా చేస్తే చేయి తిరుగుతుందన్నది మూడోది. ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లంతా ఇలాగే చదివారన్నది నాలుగోది. నాలుగూ వినడానికి సబబుగానే ఉంటాయి. పరీక్ష తీరును, ఆల్జీబ్రా స్వభావాన్ని దగ్గరగా చూస్తే మాత్రం ఒక్కటీ నిలవదు.

సమయం చాలదన్న వాదన

ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఈఏపీసెట్ అని పిలుస్తున్న పాత ఎంసెట్‌లో ఇంజనీరింగ్ అభ్యర్థులకు 160 ప్రశ్నలు వస్తాయి. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. వ్యవధి 180 నిమిషాలు. భాగిస్తే ప్రశ్నకు 67.5 సెకన్లు. ఈ అంకె చూపించే పిల్లలను పరుగు పెట్టిస్తారు. అంకెలో తప్పు లేదు, దాన్నుంచి తీసిన ముగింపులోనే ఉంది.

మొదటి సంగతి, ప్రశ్నలన్నిటికీ ఒకే సమయం పట్టదు. కెమిస్ట్రీలో చాలా ప్రశ్నలు గుర్తుంటే పది సెకన్ల పని; గుర్తు లేకపోతే ఎంతసేపు చూసినా తేలవు. కెమిస్ట్రీ అరగంటలో, ఫిజిక్స్ నలభై నిమిషాల్లో ముగించిన విద్యార్థికి లెక్కలకు 110 నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నకు 82 సెకన్లకు పైమాటే. పద్ధతి తెలిసిన ఆల్జీబ్రా లెక్కకు ఈ సమయం ధారాళంగా సరిపోతుంది.

రెండో సంగతి, సమయం అసలు ఎక్కడ పోతోందన్నది. మాక్ టెస్టు రాసిన విద్యార్థి రఫ్ షీటు ముందు పెట్టుకుంటే ఇది కళ్లకు కడుతుంది. ఒక మూల ఏదో ఫార్ములా సగం రాసి కొట్టేసి ఉంటుంది. దాని పక్కనే మరో ఫార్ములా. కింద రెండు వైపులా వర్గం చేసి నాలుగు లైన్లు సాగి, పదాలు పెరిగిపోయి, అక్కడితో ఆగిపోయి ఉంటుంది. జవాబు లేదు. ఆ మూలలో రెండు మూడు నిమిషాలు కరిగిపోయాయి. చేతి వేగం ఎక్కువైతే ఆ నాలుగు లైన్లు ఇంకాస్త తొందరగా రాయగలడు, అంతే. తప్పు దారిలో ఎంత వేగంగా పోయినా చేరేది తప్పు చోటికే. సమయం మిగిలేది దారిని ముందే గుర్తుపట్టినప్పుడు. ఆ గుర్తుపట్టడం వేగం కోసం చేసే బిట్ల వల్ల రాదు.

మూడో సంగతి మార్కులది. ఈ పరీక్షలో మైనస్ మార్కులు లేవు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టుకుంటూ పోయినా సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది, 160కి 40. ఓసీ, బీసీ అభ్యర్థులకు పెట్టిన కనీస అర్హత 25 శాతం, అంటే సరిగ్గా ఆ 40 మార్కులే. ఏమీ రానివాడికీ సంభావ్యత ఇచ్చే మార్కు అది. కాబట్టి ర్యాంకులో తేడా తెచ్చేది ఎన్ని ప్రశ్నలు ముట్టుకున్నాడన్నది కాదు, ఎన్నిటిని తెలిసి చేశాడన్నది. 60 ప్రశ్నలు కచ్చితంగా చేసి మిగతా నూటికి ఊహించి పెట్టినవాడికి సగటున 85 వస్తాయి. 90 ప్రశ్నలు కచ్చితంగా చేసి మిగతా 70కి ఊహించినవాడికి 107 దాకా వస్తాయి. అన్నిటినీ హడావిడిగా చేసి సగం తప్పు పెట్టినవాడు 80 దగ్గర ఆగిపోతాడు. వేగం కోసం కచ్చితత్వాన్ని వదులుకోమనే సలహా ఈ పరీక్ష లెక్క ప్రకారమే నష్టపు బేరం.

షార్ట్‌కట్ ఎక్కడ చెడుతుంది

షార్ట్‌కట్లన్నీ తప్పు కావు. ఎన్ పదాల శ్రేణి మొత్తం అడిగినప్పుడు ఎన్ బదులు 1, తరవాత 2 పెట్టి ఆప్షన్లతో సరిచూడడం తర్కానికి నిలిచే పనే. నాలుగింటిలో ఒకటి సరైనదని ప్రశ్నే హామీ ఇస్తోంది కాబట్టి మిగతా మూడూ తప్పని తేలిపోతే నాలుగోది జవాబు. వర్గమూలం ఉన్న సమీకరణాల్లో వచ్చిన విలువను తిరిగి ప్రతిక్షేపించి చూడడం అయితే షార్ట్‌కట్ కూడా కాదు, తప్పనిసరి మెట్టు. ఖండించాల్సింది వీటిని కాదు. పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చెప్పకుండా చేతిలో పెట్టే సూత్రాలను.

వర్గ సమాసాల నుంచి ఒక లెక్క తీసుకుంటే విషయం తేలుతుంది. (ఎమ్ − 2)ఎక్స్² + 8ఎక్స్ + (ఎమ్ + 4) అన్న సమాసం ఎక్స్ ఏ వాస్తవ సంఖ్య అయినా ధనాత్మకంగానే ఉండాలంటే ఎమ్ విలువలేమిటి? షార్ట్‌కట్ల కాగితంలో ‘ఎప్పుడూ ధనాత్మకం అంటే విచక్షణి సున్నా కన్నా తక్కువ’ అని ఉంటుంది. ఆ ప్రకారం 64 − 4(ఎమ్ − 2)(ఎమ్ + 4) సున్నా కన్నా తక్కువ కావాలి. సూక్ష్మీకరిస్తే (ఎమ్ + 6)(ఎమ్ − 4) సున్నా కన్నా ఎక్కువ కావాలి. జవాబు: ఎమ్ −6 కన్నా తక్కువ, లేదా 4 కన్నా ఎక్కువ. ఇది ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది. విద్యార్థి ధీమాగా టిక్కు పెట్టి ముందుకు పోతాడు.

ఎమ్ బదులు −7 పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. సమాసం −9ఎక్స్² + 8ఎక్స్ − 3 అవుతుంది. విచక్షణి 64 − 108, సున్నా కన్నా తక్కువే. కానీ ఎక్స్ ఎంతైనా ఈ సమాసం రుణాత్మకం, అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం. విచక్షణి సున్నా కన్నా తక్కువ అన్నది సమాసపు వక్రం ఎక్స్ అక్షాన్ని తాకదని మాత్రమే చెబుతుంది. పైన ఉందో కింద ఉందో చెప్పేది ఎక్స్² గుణకం. అది ధనాత్మకం కావాలంటే ఎమ్ 2 కన్నా పెద్దదవాలి. రెండు షరతులూ కలిస్తే జవాబు: ఎమ్ 4 కన్నా ఎక్కువ. ఒక్కసారి బొమ్మ గీసి చూసుకున్న విద్యార్థి ఈ రెండో షరతును మరవడు. వాక్యాన్ని కంఠస్థం చేసినవాడికి అందులో సగమే చేరుతుంది, ఆ సగం దగ్గరే పేపరు సెట్ చేసేవాళ్లు వల వేస్తారు.

సమీకరణ వాదంలో ఇంకో ఉదాహరణ. ఎక్స్³ − 2ఎక్స్² + 3ఎక్స్ − 4 = 0 అన్న సమీకరణానికి ఆల్ఫా, బీటా, గామా మూలాలైతే (1 + ఆల్ఫా)(1 + బీటా)(1 + గామా) ఎంత? కాగితం మీది సూత్రం: ఒకటికి మూలాల మొత్తం, రెండేసి మూలాల లబ్ధాల మొత్తం, మూడింటి లబ్ధం కలపాలి. 1 + 2 + 3 + 4, అంటే 10. జవాబు సరైనదే, సమయమూ తక్కువే పట్టింది. అదే పేపరులో (1 + ఆల్ఫా²)(1 + బీటా²)(1 + గామా²) ఎంత అని అడిగితే ఆ సూత్రం పనికిరాదు. కాగితంలో దీనికి వేరే సూత్రం ఉండాలి. లేకపోతే వదిలేయాలి.

సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాడి పరిస్థితి వేరు. సమీకరణం ఎడమ పక్కనున్న బహుపది (ఎక్స్ − ఆల్ఫా)(ఎక్స్ − బీటా)(ఎక్స్ − గామా)కు సమానం. ఎక్స్ బదులు −1 పెడితే కుడివైపు వచ్చేది అడిగిన లబ్ధమే, ముందు మైనస్‌తో. ఎడమవైపు −1 − 2 − 3 − 4, అంటే −10. కాబట్టి లబ్ధం 10. ఇక రెండో ప్రశ్నలో 1 + ఆల్ఫా² అన్నది, ఐ² = −1 అయిన సంకీర్ణ సంఖ్య ఐ సాయంతో, (ఆల్ఫా − ఐ)(ఆల్ఫా + ఐ) అవుతుంది. అప్పుడు బహుపదిలో ఐ ఒకసారి, −ఐ ఒకసారి పెట్టి వచ్చినవాటిని గుణిస్తే చాలు. ఐ పెడితే −2 + 2ఐ, −ఐ పెడితే −2 − 2ఐ. లబ్ధం 4 + 4, అంటే 8. రెండు లెక్కలకూ ఒకే ఆలోచన: మూలాల మీద లబ్ధం అడిగితే బహుపదిలో తగిన విలువ పెట్టాలి. ఈ ఒక్క ఆలోచన సమీకరణ వాదాన్ని, సంకీర్ణ సంఖ్యలను కలుపుతుంది. షార్ట్‌కట్ల కాగితంలో ఆ రెండూ రెండు వేర్వేరు పేజీలు.

సూత్రాలు పెరిగేకొద్దీ వాటిని గుర్తుంచుకునే భారమూ పెరుగుతుంది. పైగా ఏది ఏ లెక్కకో గుర్తుపట్టే భారం అంతకన్నా ఎక్కువ. ఇలాంటి సూత్రాలు వంద బట్టీ పట్టినవాడికి నూట ఒకటో రకం ప్రశ్న వస్తే చేతిలో ఏమీ ఉండదు. మొత్తం లెక్కలో షార్ట్‌కట్ సమయాన్ని ఆదా చేయదు, అప్పు ఇస్తుంది.

చాప్టరు వారీ సాధనలో లోటు

మూడో వాదన వరసగా చేసే సాధన గురించి. ప్రస్తారాలు, సంయోగాలు చాప్టరు అయ్యాక ఆ చాప్టరులోనే మూడు వందల బిట్లు, ఆ తరవాత ద్విపద సిద్ధాంతంలో మూడు వందలు. పదో లెక్కకే చేయి దూసుకుపోతుంది. విద్యార్థికి వచ్చేసినట్టు అనిపిస్తుంది, చూసే లెక్చరర్‌కూ అలాగే అనిపిస్తుంది. పరీక్షలో మాత్రం ప్రశ్న పైన చాప్టరు పేరు ఉండదు. ఏ చాప్టరు ఆలోచన వాడాలో తేల్చుకోవడమే లెక్కలో మొదటి మెట్టు, చాలాసార్లు కష్టమైన మెట్టు కూడా. చాప్టరు వారీ కాగితం ఆ మెట్టును ముందే చెప్పేస్తుంది. అంటే మూడు వందల లెక్కలు చేసినా ఆ మొదటి మెట్టు ఒక్కసారి కూడా సాధన చేయనట్టే.

ఒకే రకంగా కనిపించే రెండు ప్రశ్నలు చూస్తే చాలు. ఒకే రకం లడ్లు పదింటిని ముగ్గురు పిల్లలకు ఎన్ని విధాలుగా పంచవచ్చు? వేర్వేరు పుస్తకాలు పదింటిని ముగ్గురు పిల్లలకు ఎన్ని విధాలుగా పంచవచ్చు? ఎవరికైనా ఏమీ రాకపోయినా ఫరవాలేదు. మొదటిదానికి జవాబు 66. లడ్లన్నీ ఒకటే కాబట్టి ఎవరికెన్ని అన్నదే లెక్క. పది లడ్ల మధ్య రెండు అడ్డగోడలు పెట్టే విధాలు, అంటే పన్నెండు స్థానాల్లో రెండు ఎంచుకోవడం. రెండోదానికి జవాబు 59,049. ప్రతి పుస్తకమూ ముగ్గురిలో ఎవరికైనా పోవచ్చు కాబట్టి మూడును పదిసార్లు గుణించాలి. లెక్క కట్టడం రెండింటిలోనూ క్షణాల పని. వస్తువులు ఒకటేనా వేరువేరా అని ఆగి చూసుకోవడమే అసలు పని. ‘ఒకే రకం వస్తువుల పంపకాలు’ అన్న శీర్షిక కింద ఇచ్చిన నలభై బిట్లు చేసినవాడికి ఆ ఆగే అలవాటు రాదు.

అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని అంకెల్లో చూపింది. కాలేజీ విద్యార్థులకు అంతగా పరిచయం లేని నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకం లెక్కలను వరసగా చేసింది. రెండో గుంపు అవే లెక్కలను కలగలిపి చేసింది. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి గుంపుదే పైచేయి: వాళ్లు 89 శాతం సరిగ్గా చేస్తే కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే చేశారు. వారం తరవాత పెట్టిన పరీక్షలో తారుమారైంది. వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చాయి. సాధనలో సుఖంగా సాగింది పరీక్ష నాటికి నిలవలేదు. తడబడుతూ చేసినదే నిలిచింది.

వారాంతపు టెస్టులో మంచి మార్కులు, గ్రాండ్ టెస్టులో పడిపోవడం అన్న ఫిర్యాదుకు కారణం ఇక్కడ దొరుకుతుంది. పిల్లవాడు మరచిపోయాడని, ఇంకా బిట్లు చేయించాలని తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి వారాంతపు టెస్టు ఆ వారం చెప్పిన చాప్టరు మీదే కాబట్టి దారి ఎంచుకునే పరీక్ష అందులో జరగలేదు. గ్రాండ్ టెస్టులో మొదటిసారి జరిగింది. దానికి మందుగా అదే చాప్టరులో ఇంకో మూడు వందల బిట్లు చేయిస్తే జబ్బును పోషించినట్టవుతుంది.

రాని లెక్కలతో మొదటినుంచే కుస్తీ పట్టించడం కూడా ఈ మార్గంలో భాగమే. చాప్టరు మొదలైన రోజే బిట్ బ్యాంకు చేతికిస్తారు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో సరిగ్గా ఆల్జీబ్రా మీదే చేసిన అధ్యయనం ఇందుకు భిన్నమైన దారి చూపింది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో, చేసి చూపిన లెక్కలను శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ సమయంలో నేర్చుకున్నారు. అలాంటి లెక్కలను తరవాత తక్కువ తప్పులతో చేశారు. అన్నీ సొంతంగా చేయాలని కూర్చున్నవాళ్లు వెనకబడ్డారు. కారణం ఊహించడం కష్టం కాదు. కొత్త లెక్క ముందు తచ్చాడే విద్యార్థి దృష్టి అంతా జవాబు వైపే ఉంటుంది, మెట్ల మధ్య సంబంధం చూసే తీరిక ఉండదు. అయితే వేరే రకం లెక్కల్లో ఆ లాభం కనిపించలేదు. కాబట్టి చేసి చూపిన లెక్క మొదలు మాత్రమే. అక్కడి నుంచి కలగలిపిన లెక్కలకు పోవాలి. బిట్ బ్యాంకు పద్ధతిలో మొదలూ లేదు, చివరా లేదు, మధ్యదే మూడింతలు.

ర్యాంకర్ల సాక్ష్యం

ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రికల మొదటి పేజీలు ర్యాంకర్ల ఫొటోల ప్రకటనలతో నిండుతాయి. వాళ్లంతా వేల బిట్లు చేసినవాళ్లే కాబట్టి బిట్ల వల్లే ర్యాంకు వచ్చిందని తీర్మానిస్తారు. అదే హాస్టల్లో, అదే సెక్షన్‌లో, అవే బిట్లు చేసి ర్యాంకు రానివాళ్ల ఫొటోలు ఏ పత్రికలోనూ రావు. పద్ధతి ఒకటే అయినప్పుడు ఫలితాల్లో తేడాకు ఆ పద్ధతి కారణం కాజాలదు. ర్యాంకరు చేసినవాటిలో ఏది పనిచేసిందో తేల్చాలంటే అతడి నోటు పుస్తకం చూడాలి. అందులో ఒక లెక్కను రెండు మూడు రకాలుగా చేసి చూసుకున్న పేజీలు, తప్పు పోయినదాన్ని తిరిగి రాసుకున్న పేజీలు ఉన్నాయా అన్నది తేల్చే ప్రశ్న. ప్రకటనలో దానికి చోటు లేదు.

ఈ వాదనకు గొప్ప పేరు ఒకటి తోడు తెస్తారు. శ్రీనివాస రామానుజన్ కూడా ఫార్ములాల పుస్తకం చదివే గొప్పవాడయ్యాడంటారు. పుస్తకం నిజమే. జి. ఎస్. కార్ రాసిన ఆ సంకలనంలో సుమారు 5,000 ఫలితాలు ఉంటాయి, నిరూపణలు నామమాత్రం. రామానుజన్ వాటిని బట్టీ పట్టలేదు. నిరూపణ లేని ప్రతి ఫలితాన్నీ తనంతట తాను రాబట్టడానికి కూర్చున్నాడు, అక్కడినుంచి కొత్తవాటికి పోయాడు. సూత్రం చేతికి ఇచ్చాక అది ఎందుకు నిజమో అడగకుండా ఉండలేని మనిషిని, అడగవద్దని చెప్పే పద్ధతికి సాక్షిగా నిలబెట్టడం విడ్డూరం.

ఆ పుస్తకం పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. కార్ ట్యూషన్ మాస్టారు. కేంబ్రిడ్జిలో ట్రైపాస్ అనే లెక్కల పరీక్షకు విద్యార్థులను తయారుచేసేవాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పరీక్ష ర్యాంకుల పందెంగా మారింది. ఎడ్వర్డ్ రౌత్ వంటి కోచింగ్ మాస్టర్ల చేతిలో మొదటి ర్యాంకులు వరసకట్టేవి. అదే చదువులో పెరిగిన గణితవేత్త జి. హెచ్. హార్డీ ఆ పరీక్ష లెక్కల చదువును పాడుచేసిందని పోరాడినవాళ్లలో ముందున్నాడు. 1909 తరవాత ర్యాంకుల వరస ప్రకటించడం ఆపేశారు. వేగానికి, ట్రిక్కులకు పెద్దపీట వేసిన సాధన ఎటు తీసుకుపోతుందో నూరేళ్ల కిందటే ఒక విశ్వవిద్యాలయం చూసి, వద్దనుకుంది.

తప్పు పరీక్షదే అన్న సమాధానం

ఇంత చెప్పాక మిగిలే జవాబు ఒకటుంది: పరీక్ష అలా ఉంది, పిల్లలేం చేస్తారు? ఆప్షన్ల పరీక్ష ఉన్నంతకాలం బిట్లే గతి అంటారు. దీనికి సమాధానం పుత్తూరుకు దగ్గర్లోనే ఉంది. చెన్నై వైపు రైలెక్కితే నగరి, ఏకాంబరకుప్పం దాటాక తిరుత్తణి. ఆ పక్క తమిళనాడు 2007 నుంచి ఇంజనీరింగ్‌కు రాష్ట్ర ప్రవేశ పరీక్షే లేకుండా చేసింది. ప్లస్ టూ మార్కుల్లో లెక్కలకు 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు యాభై చొప్పున, మొత్తం 200కు కటాఫ్ కట్టి సీట్లిస్తారు. ఆప్షన్ల పరీక్ష పోయింది, బట్టీ పోలేదు. బిట్లకు బదులు పుస్తకంలోని లెక్కలనే మెట్లతో సహా కంఠస్థం చేయడం అక్కడి జాడ్యమైంది. పరీక్ష రూపం మారితే బట్టీ రూపం మారుతుంది, అంతే. మార్చుకోవాల్సింది సాధనను.

ఆంధ్రప్రదేశ్ పరీక్ష కూడా బిట్లనే కోరడం లేదు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఇంటర్ లెక్కల పేపర్లలో మెట్లు రాస్తేనే మార్కులు. 600 గ్రూపు మార్కుల్లో 24 పోతే వెయిటేజీలో ఒక మార్కు పోతుంది. ప్రవేశ పరీక్షలో రెండు ప్రశ్నలు చేజారినదానికి ఇది దాదాపు సమానం. ఆప్షన్లు చూసి వెనక్కి నడిచే అలవాటు పడిన విద్యార్థి డిమూవర్ సిద్ధాంతం లెక్కను తెల్ల కాగితం మీద మొదలుపెట్టలేక ఇక్కడ నష్టపోతాడు. బిట్ల వల్ల అక్కడ వచ్చిందనుకున్నది ఇక్కడ జారిపోతుంది.

అసలు నష్టం సీటు వచ్చాక తెలుస్తుంది. పుత్తూరులోనే నారాయణవనం రోడ్డు మీద సిద్ధార్థ వంటి ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఊరి పిల్లలు చాలామంది ఇంటి నుంచే వెళ్లి చదువుతారు. మొదటి సంవత్సరం లెక్కల్లో మాత్రికల ఐగెన్ విలువలు వస్తాయి. మూడు వరసల మాత్రికకు వాటిని కనుక్కోవడమంటే ఒక ఘన సమీకరణం సాధించడమే. మూలాల మొత్తం మాత్రిక కర్ణం మీది మూలకాల మొత్తమని, మూలాల లబ్ధం నిర్ధారకమని చెప్పేది ఇంటర్‌లో చదివిన సమీకరణ వాదమే. అక్కడ ఆప్షన్లు ఉండవు. మూలాలకు, గుణకాలకు సంబంధం ఎందుకు వచ్చిందో తెలిసినవాడికి ఇది పాత పాఠం. తెలియనివాడికి మళ్లీ కొత్త సూత్రం, మళ్లీ కొత్త బట్టీ, చివరికి బ్యాక్‌లాగ్.

సాధన ఎలా ఉండాలి

పుత్తూరు పక్కన రాచపాళెంలో విరిగిన ఎముకలకు వేసే కట్టు రాష్ట్రాల సరిహద్దులు దాటి పేరు పొందింది. కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు అందరికీ అవే. అయినా విరిగింది ఎక్కడో చేత్తో తడిమి చూసుకోనిదే కట్టు పడదు. ఆల్జీబ్రా సాధనలో లేనిది ఆ తడిమి చూసే మెట్టు. లెక్క తప్పు పోయినప్పుడు జవాబు చూసి ‘ఓహో’ అనుకుని తరవాతి బిట్‌కు పోవడం మానేసి, ఎక్కడ విరిగిందో రాసుకోవాలి. తప్పులు ప్రధానంగా నాలుగు రకాలు: దారి తోచకపోవడం, షరతు మరవడం, గుర్తులో గానీ కూడికలో గానీ పొరపాటు, ప్రశ్న సరిగ్గా చదవకపోవడం. ఎమ్ లెక్కలో ఎక్స్² గుణకాన్ని వదిలేయడం రెండో రకం. మైనస్ గుర్తు జారడం మూడో రకం. మొదటిదానికి చేసి చూపిన లెక్కలు చదవాలి. రెండోదానికి సిద్ధాంతం మళ్లీ చూడాలి. మూడోదానికి మెట్లు కుదించకుండా రాయాలి. నాలుగోదానికి అడిగినదాని కింద గీత గీయాలి. నాలుగింటికీ ‘ఇంకో నూరు బిట్లు’ అన్న ఒకే మందు రాయడమే ఇప్పుడు జరుగుతున్న పొరపాటు.

మిగతా క్రమం కష్టమైనదేమీ కాదు. చాప్టరు మొదట్లో పాఠ్యపుస్తకంలోని సిద్ధాంతం, చేసి చూపిన లెక్కలు కలం పట్టుకుని చదవాలి. ప్రతి మెట్టు దగ్గరా ముందు మెట్టు నుంచి ఇది ఎలా వచ్చిందో చెప్పగలగాలి. పుస్తకం మూసి అదే లెక్కను తిరిగి చేయాలి. ఆ తరవాత అభ్యాసంలోని కొన్ని లెక్కలు. అక్కడితో ఆ చాప్టరును పట్టుకుని వేలాడకుండా, మర్నాటి నుంచి పాత చాప్టర్ల లెక్కలతో కలిపి చేయాలి. రోజుకు ఇరవై లెక్కలు చాలు, వర్గ సమాసాలు, మాత్రికలు, ద్విపద, ప్రస్తారాలు కలగలిసి ఉంటే. లెక్క మొదలుపెట్టే ముందు ‘ఇది ఏ ఆలోచనతో సాగుతుంది, ఎందుకు’ అని ఒక వాక్యం పక్కన రాయాలి. వారానికి రెండు లెక్కలనైనా రెండు దారుల్లో చేసి, ఏది పొట్టిదో, ఏది కొత్త ప్రశ్నకు కూడా పనికొస్తుందో చూడాలి. షార్ట్‌కట్ నచ్చితే వాడుకోవచ్చు, ఒకే షరతు మీద: అది ఎందుకు నిజమో నాలుగు లైన్లలో రాసి చూపగలగాలి.

వేగానికి కూడా చోటుంది, చివర్లో. పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది కాబట్టి ఆఖరి నెలలో తెర మీద 180 నిమిషాల మాక్ టెస్టులు రాయాలి. తెలిసినవి ముందు, ఆలోచించాల్సినవి తరవాత, తెలియనివి చివర్లో ఊహించి పెట్టే క్రమం అలవాటు చేసుకోవాలి. ఒక్కో టెస్టు తరవాత టెస్టు రాసినంత సమయం తప్పులు తడిమి చూడడానికి పెట్టాలి. గుణకారాలు, వర్గాలు, మౌలిక సూత్రాలు నోటికి రావాల్సిందే. వాటిని ఎవరూ కాదనరు. నోటికి వచ్చినవి ఆలోచనకు తోడవ్వాలి, దాని స్థానంలో కూర్చోకూడదు.

ఈ మార్గానికి అయ్యే ఖర్చు పాఠ్యపుస్తకం, పాత ప్రశ్నపత్రాలు, ఒక నోటు పుస్తకం. లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజు కట్టలేని నేత పనివాళ్ల ఇంట్లో పిల్లలకైనా ఇది అందుబాటులో ఉంటుంది. కాలేజీ చేయాల్సిందల్లా చాప్టరు వారీ బిట్ల కాగితం బదులు కలగలిపిన కాగితం ఇవ్వడం, వారాంతపు టెస్టులో సగం ప్రశ్నలు పాత చాప్టర్ల నుంచి పెట్టడం. తల్లిదండ్రులు చేయాల్సింది ప్రశ్న మార్చుకోవడం: ‘ఎన్ని బిట్లు అయ్యాయి’ అనే బదులు ‘నిన్న తప్పు పోయిన లెక్క ఈరోజు ఎందుకు వచ్చింది’ అని అడగడం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన విద్యార్థికి పరీక్షలో చాప్టరు పేరు లేకపోయినా దారి తెలుస్తుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఆప్షన్లు లేకపోయినా లెక్క సాగుతుంది.